అన్నం మెతుకులతో అంటించిన చీటీలు

పాత పుస్తకాన్ని కొత్తదానిలా చేయడంలో నా చేతికి ఎదురు లేదని హోసూరులో నలుగురూ అనేవాళ్ళు. ఆ నలుగురిలో ముగ్గురు మా ఇంటివాళ్ళే అనుకోండి, అయినా మాట మాత్రం అబద్ధం కాదు. పెన్సిలు రాతలకు రబ్బరు, సిరాకు బ్లేడు మొన, అంచుల్లో పట్టిన జిడ్డుకు గరుకు కాగితం. అట్ట మీద నూనె మరక ఉంటే పౌడరు చల్లి రెండు రోజులు బరువు కింద పెట్టాలి. లోపల ఎవరైనా కాగితాలు అంటించి ఉంటే ఇడ్లీ పాత్ర ఆవిరి మీద కాసేపు పట్టుకుంటే చాలు, వాటంతట అవే ఊడి వస్తాయి. ఈ చివరిది మా నాన్న నేర్పింది కాదు, నా సొంత తెలివి. ఆ తెలివి గురించే ఇప్పుడు చెప్పాలి.

కొట్టు మా నాన్నది. మొదట్లో ఆయనకు కొట్టు లేదు, కృష్ణగిరి అవతల పోచంపల్లి సంతలో గోనెపట్టా పరిచి పంచాంగాలు, పాటల పుస్తకాలు, చిరిగిన వాచకాలు అమ్మేవాడు. తర్వాత హోసూరు బస్టాండుకు కాస్త ఎడంగా ఒక సందులో చిన్న గది అద్దెకు తీసుకున్నాడు. ఇద్దరు మనుషులు ఎదురుపడితే ఒకరు వెనక్కి నడవాల్సినంత ఇరుకు. అయినా బడులు తెరిచే రోజుల్లో ఆ సందులో నిలబడే చోటుండేది కాదు. తమిళం, తెలుగు, కన్నడం, ఇంగ్లీషు, ఏ మీడియం పిల్లలైనా పాత పుస్తకాలకు మా దగ్గరికే రావాలి. కొన్న పుస్తకాల మీద పేర్లు చెరపడం నా పని. పన్నెండేళ్ళ వయసు నుంచీ అదే పని.

"కొనేటోళ్ళకి ఆ పుస్తకం వాళ్ళ కోసరమే అచ్చేసినట్లు ఉండాల. ముందోళ్ళ పేరు కనపడితే మనసొప్పదు" అనేవాడు నాన్న. ఆయన ఎవరినీ మెచ్చుకునే రకం కాదు. నేను చెరిపిన పేజీని మాత్రం వెలుతురుకు ఎత్తి పట్టి, అటూ ఇటూ తిప్పి చూసి, పక్కన పెట్టి ఇంకో పుస్తకం అందించేవాడు. అదే ఆయన మెప్పు. ఆ మెప్పు కోసం ఎన్ని పేర్లు చెరిపానో నాకే తెలియదు. బడి పుస్తకాల విషయంలో అది తప్పని ఇప్పటికీ అనుకోను.

నాన్న పోయాక కొట్టు నా చేతికి వచ్చింది. మా ఆయన ఫ్యాక్టరీలో షిఫ్టు మనిషి, ఆయనకు తెలిసిన పుస్తకం రేషన్ కార్డు ఒక్కటే. నా చేతికి వచ్చేసరికే వ్యాపారం సగం చల్లబడింది. బడి పుస్తకాలు బళ్ళోనే ఊరికే ఇస్తున్నారు. గైడ్లు ఫోన్లోకి వచ్చేశాయి. మా వైపు ఇళ్ళలో తాతలు తెలుగు మాట్లాడి తెలుగు చదివినవాళ్ళు, మనవలు తెలుగు మాట్లాడి తమిళం చదివేవాళ్ళు. తాత పోయిన ఏడాదికో రెండేళ్ళకో ఆయన పెట్టె తెరిస్తే, ఇంట్లో ఎవరికీ చదవరాని పుస్తకాలు బయటపడతాయి. పాత ఇనుము కొనేవాడు వాటిని తూకానికి తీసుకుపోతాడు. వాడి దగ్గర ఏరి తెచ్చుకున్న తెలుగు పుస్తకాలు నా అరల్లో ఏళ్ళ తరబడి కదలకుండా కూర్చున్నాయి. వాటిని చూస్తే నాకు ఒళ్ళు మండేది, పారేయడానికి మనసు వచ్చేది కాదు.

అప్పుడు ఫోను నన్ను ఆదుకుంది. పాత తెలుగు పుస్తకాలు సేకరించేవాళ్ళ వాట్సాప్ గుంపులో ఎవరో నన్ను చేర్చారు. బెంగుళూరు వాళ్ళు, హైదరాబాదు వాళ్ళు, ఇంకా ఎక్కడెక్కడి వాళ్ళో అందులో ఉన్నారు. ఫోటో పెడితే చాలు, పావుగంటలో ముగ్గురు పోటీకి దిగేవాళ్ళు. ఎన్నో ముద్రణ, అట్ట అసలుదేనా, ఏ అచ్చాఫీసు అని అడిగేవాళ్ళు. ఆ మాటలన్నీ నేనూ నేర్చుకున్నాను. నా పుస్తకాలు అద్దంలా ఉంటాయని పేరొచ్చింది. 'మీ కొట్టు పుస్తకమంటే కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు' అని ఒకాయన రాస్తే, గొప్పగా మా ఆయనకు చూపించాను.

"కండ్లు మూసుకొని ఎట్ల సదువుతారే?" అన్నాడు.

రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. గొప్ప అంతకంటే పైన, నెత్తి మీద.

హోసూరు నుంచి కృష్ణగిరి పోయే దారిలో గురుబరపల్లి దగ్గర దిగి కాస్త లోపలికి పోతే ఒక ఊరుంది. ఆ ఊళ్ళో వీధినాటకాలు నేర్పించే అయ్యోరు ఒకాయన ఉండేవాడు. పోయి మూడేళ్ళయింది. ఆయన కొడుకు అంతకు ముందే పోయాడు. ఇంట్లో కోడలు ఒక్కతే, మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలో సీజను పనికి పోతూ ఉండేది. ఇల్లు కారి పుస్తకాల పెట్టె తడుస్తోందని, ఎవరికైనా ఇచ్చేయాలనుకుంటోందని, మా కొట్టు సంగతి తెలిసిన బస్సు కండక్టరు ఒకతను నాకు కబురు పెట్టాడు.

నేను పోయేసరికి ఆమె పుస్తకాలన్నీ చాప మీద పరిచి ఒక్కొక్కటీ కొంగుతో తుడుస్తోంది. నాకంటే పదేళ్ళు చిన్నది. ముందు మజ్జిగ ఇచ్చింది. ధర చెబితే బేరం కూడా ఆడలేదు.

"నాకు తెలుగు సదివేదానికి రాదక్కా, ఎనిమిది దాకా తమిళంలో సదివినాను. మామ ఉన్నన్నాళ్ళూ ఈ పెట్టెను ఎవురినీ ముట్టనియ్యలేదు. తూకానికి వెయ్యాలంటే మనసు రాలేదు. సదివేటోళ్ళ కాడికి పోతే సాలు" అంది.

"సదివేటోళ్ళకే ఇస్తానమ్మా" అన్నాను. అప్పుడు ఆ మాట నిజమనే అనుకున్నాను.

ఆ పుస్తకాల్లో ఒకటి నాటకం పుస్తకం. ఎప్పుడో మూతపడిన ఒక చిన్న అచ్చాఫీసు వేసింది. లావు అక్షరాలు, అట్ట మీద కిరీటం పెట్టుకున్న రాజు బొమ్మ. అలాంటిది ఒకటి కావాలని బెంగుళూరులో ఉండే ఒక రిటైరైన పెద్దమనిషి ఏడాదిగా గుంపులో అడుగుతున్నాడు. వెంటనే దాన్ని చేతిలోకి తీసుకున్నాను. అయితే పుస్తకం ఒంటి మీద ఖాళీ లేదు. అంచుల నిండా రాతలు. ఇంచుమించు పేజీకొక చీటీ, అన్నం మెతుకులతో అంటించినవి. ఎండిన మెతుకులు చీటీల కింద గట్టిగా చేతికి తగులుతున్నాయి. ఒక చీటీ మడత విప్పి, ఆ పేజీని అక్కడే ఫోటో తీసి ఆయనకు పంపాను. ఊళ్ళో సిగ్నలు సరిగా లేకపోయినా జవాబు వెంటనే వచ్చింది. 'పుస్తకం కావాలి. ఆ అతుకులూ రాతలూ లేకుండా చేసి ఇవ్వగలరా?'

నన్ను అడగాల్సిన మాటేనా అది!

ఆదివారం ఇడ్లీలు దించాక ఆ ఆవిరి మీద పుస్తకం పట్టాను. మెతుకులు మెత్తబడి చీటీలు ఒక్కొక్కటీ పేజీకి గీత కూడా పడకుండా ఊడి వచ్చాయి. ముప్పైకి పైనే ఉన్నాయి. నీలం సిరా, తమిళ అక్షరాలు. నాకు తమిళం తెలుగంత ధారాళంగా వచ్చు, హోసూరులో అదేమీ చెప్పుకునే విద్య కాదు. ఆ రోజు ఊళ్ళో ఫోటో తీసిన చీటీనే చేతిలోకి తీసుకుని, ఒక పంక్తి కళ్ళతో చూశాను. తమిళ మాట ఒక్కటీ తగల్లేదు. అక్షరాలు ఉన్నాయి, అర్థం లేదు. ఇంకో చీటీ చూశాను, అదీ అంతే. ఎవరో పిల్లలు అక్షరాలు దిద్దుకున్న కాగితాలు, ముసలాయన చినుగులకు అతికించి ఉంటాడని తేల్చేశాను. ఒక్క పంక్తిని నోరు విప్పి పైకి చదివి ఉంటే ఈ రోజు ఇది రాయాల్సిన పని ఉండేది కాదు. నాకేమో చట్నీ తొందర, పక్కన మిక్సీ మోత.

తడిసిన చీటీలు పళ్ళెంలో ముద్దయి, కొబ్బరి పీచుతో పాటు చెత్తబండిలో పోయాయి. అంచుల్లోనూ అవే తమిళ అక్షరాలు, అంత రాత బ్లేడుకు లొంగేది కాదు. అందుకని బైండింగు అతని దగ్గర మూడు వైపులా వేలి వెడల్పున కోయించి, కొత్త దారంతో కుట్టించాను. ఆ పెద్దమనిషికి హోసూరు ట్రాఫిక్కంటే భయం. కర్ణాటక సరిహద్దులోని జూజువాడి చెక్‌పోస్టు దగ్గర లారీల మధ్య కారు ఆపుకుని నిలబడితే, టౌను బస్సులో పోయి పుస్తకం చేతిలో పెట్టాను. పేజీలు తిప్పి తిప్పి చూసి, "మీరు పుస్తకానికి ప్రాణం పోశారమ్మా" అన్నాడు. మర్యాదస్తుడు, ఆయన మీద నాకు ఇప్పటికీ కోపం లేదు. తిరిగి వస్తూ ఆ మాటే తలుచుకుంటూ దిగాల్సిన చోటు దాటిపోయి, ఎండలో వెనక్కి నడిచాను. ఆ నడక కూడా హాయిగానే ఉంది.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం కొట్టు ముందు అరవై దాటిన మనిషి ఒకాయన వచ్చి నిలబడ్డాడు. ఏదో ఫ్యాక్టరీలో వాచ్‌మన్ పని, యూనిఫారం మీదే వచ్చాడు. చెప్పులు బయటే విడిచాడు. పుస్తకాల కొట్టుకు చెప్పులు విడిచి వచ్చేవాళ్ళను చూసి చాలా కాలమైంది.

"మా అయ్యోరి నాటకం పుస్తకం ఈడుండాదని వాళ్ళ కోడలు చెప్పిందమ్మా" అన్నాడు.

అమ్మేశానని చెప్పాను. ఆయన మొహం వాడిపోయింది, అయినా కదల్లేదు. ఆయనదీ అయ్యోరి ఊరేనట. అక్కడ అమ్మవారి జాతరకు నాటకం ఆడి పదేళ్ళు దాటిందట. ఈసారి వయసు పిల్లలే వచ్చి, తాతా మాకు నేర్పించు అని అడిగారట. జాతర ఇంకా పది రోజుల్లో ఉంది. ఆయన పంతొమ్మిదో ఏట నుంచీ రాణి వేషం కట్టినవాడు.

"పుస్తకం పోతే పోనీలేమ్మా. చీటీలు నీ కాడ ఉంటే సాలు. ఈడనే కూచొని రాసుకొని పోతాను."

"ఏం చీటీలప్పా?"

"అచ్చులో ఉండే పాటలు మా నోటికి యాడ తిరుగుతాయి? అయ్యోరే సొంతంగా పాటలు కట్టినాడు, మనం మాట్లాడే మాటల్తో. మేమంతా తమిళ ఇస్కూలోళ్ళం, తెలుగు అచ్చరాలు రావు. దానికని ఆ తెలుగు పాటల్నే తమిళ అచ్చరాల్లో రాసి, యాడ పాడాల్నో ఆడ అతికించినాడు. ఆటంతా చీటీల్లోనే ఉన్నిందమ్మా. పుస్తకం ఊరికే వరస కోసరం."

నాకు నమ్మకం కలగలేదనుకున్నాడేమో, సందులోనే నిలబడి గొంతు సవరించుకుని పాడాడు.

"ఏలినోడా, గడప దాటి ఎట్ల పోతివో..."

అక్కడితో ఆపేశాడు. "ఈడి దాకా వస్తుంది. ఆ పైన రాదు. అప్పుడు నోటికి ఉన్నింది, ఇప్పుడు యాడికో పోయింది. తక్కిన వేషాలోళ్ళు అందురూ పోయినారు, వాళ్ళ పాటలు అడిగేదానికి గూడా ఎవురూ లేరు" అన్నాడు.

ఆ పంక్తిని నేను చూశాను. ఆదివారం పొద్దున, చేతిలో పట్టుకుని, అర్థం లేదని తీర్మానించిన పంక్తి అదే. కళ్ళకు తమిళంగా కనిపించింది చెవికి మా అమ్మ భాష అయింది.

అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. తెలియక చేశానప్పా, తప్పయిపోయింది అంటే ఆయన తిట్టి ఉండేవాడో, కన్నీళ్ళు పెట్టుకునేవాడో, ఏదైనా అక్కడితో తీరిపోయేది. కానీ వెనక అరలో నేను శుభ్రం చేసిన పుస్తకాలు వరసగా మెరుస్తున్నాయి. వాటి ముందు నిలబడి నాకు పని రాదని ఒప్పుకోవడానికి నోరు పెగల్లేదు. నాకు అడ్డం వచ్చింది డబ్బు కాదు, గొప్ప.

"నా కాడికి వచ్చినప్పుడే చీటీలు లేవప్పా" అన్నాను.

"అయితే ఆ ఇంట్లోనే పోయినాయి. ఆ బిడ్డకు ఇంత గూడా తెలీలేదే" అన్నాడు. నేను పుస్తకాలు సర్దుతున్నట్టు అటు తిరిగాను. చీటీలు ఎప్పుడైనా కనబడితే చెప్పమని ఒక కాగితం మీద తన ఫోన్ నంబరు రాసిచ్చి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే బైండింగు అతని దగ్గరికి పరుగెత్తాను. కోసిన ముక్కల్లోనైనా ఏమైనా మిగిలి ఉంటుందని ఆశ. అతను నవ్వాడు. "రెండు నెల్లు అయింది గదక్కా, అవన్నీ మిల్లుకు పోయి ఇప్పుడు కోడిగుడ్లు పెట్టే అట్టలై ఉంటాయి." బెంగుళూరు పెద్దమనిషికి ఫోను చేసి, పుస్తకంలో ఎక్కడైనా ఒక చీటీ ఉండిపోయిందేమో చూడమన్నాను. "ఒక్క మరక కూడా లేదమ్మా, అందుకే కదా అద్దాల బీరువాలో పెట్టాను" అన్నాడు. ఆయన అబద్ధం ఆడలేదు. కొన్నవాడికి కావలసింది దొరికింది. మా నాన్న కాలంలో పుస్తకం కొనేవాడూ దాంతో పని ఉన్నవాడూ ఒక్కడే. ఇప్పుడు ఇద్దరూ వేరు, మధ్యలో నేను ఒకడి వైపే చూస్తూ కూర్చున్నాను.

ఆయనతో మాట్లాడి పెట్టేశాక, ఊరికే పాత సందేశాలు పైకి జరుపుతుంటే ఆ ఫోటో కనిపించింది. ఊళ్ళో, చాప మీద తెరిచిన పుస్తకం, అందులో మడత విప్పిన చీటీ. పెద్దది చేసి చూశాను. ఎనిమిది పంక్తులు, ఒక్క అక్షరం చెరగలేదు. ఈసారి పైకి చదివాను. "ఏలినోడా, గడప దాటి ఎట్ల పోతివో, ఎలుగు లేని ఇంట్లో నన్ను ఎట్ల మరిస్తివో." కొట్లో ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను.

ముప్పైకి పైగా పాటల్లో ఒక్కటి బతికి ఉంది. అది ఆయనదే, రాణి పాట. నంబరు నా దగ్గరుంది, పంపడానికి ఒక్క క్షణం పట్టదు. కానీ పంపితే ఆ ఫోటో నన్ను పట్టిస్తుంది. పుస్తకం నా చేతికి వచ్చిననాడు చీటీలు ఉన్నాయని అందులో కళ్ళకు కట్టినట్టు ఉంది. చేత్తో రాసి, ఎక్కడో అర కింద దొరికిందని చెబుదామా అనుకున్నాను. అప్పుడు తక్కినవి కూడా వెతకమంటాడు, మళ్ళీ ఇంకో అబద్ధం ఆడాలి. రోజూ ఫోను తీసేదాన్ని, రోజూ లోపల పెట్టేదాన్ని. ఏమైందే, వడదెబ్బ తగిలినట్లు ఉండావు అని మా ఆయన అడిగితే ఆయన మీదే కసురుకున్నాను. అలా పది రోజులూ గడిచిపోయాయి.

జాతర నాడు తెల్లవారుజామున మొదటి బస్సుకు బయలుదేరాను. ఎందుకు పోతున్నానో నాకే సరిగా తెలియదు. ఒక నిమిషం చెప్పేద్దామని, ఒక నిమిషం ఊరికే చూసి వచ్చేద్దామని. నేను చేరేసరికి బాగా వెలుతురొచ్చింది, రాత్రంతా ఆడిన నాటకం చివరి ఘట్టంలో ఉంది. ప్లాస్టిక్ కుర్చీల్లో జనం సగం నిద్రలో, సగం ఫోన్లలో ఉన్నారు. వయసు పిల్లలు పాటలు లేని చోట ఒట్టి మాటలతో నెట్టుకొస్తున్నారు. వాళ్ళ మధ్య వేదిక మీద ఆయన ఉన్నాడు. ఆకుపచ్చ పట్టుచీర, పూసల కిరీటం, చెంపలకు గులాబీ రంగు. రాజు యుద్ధానికి పోతున్నాడు, రాణి గడపలో నిలబడి పాడాలి.

"ఏలినోడా, గడప దాటి ఎట్ల పోతివో" అని ఎత్తుకున్నాడు. గొంతు ఇంకా బాగుంది. రెండో పంక్తి దగ్గర నోరు మూసుకుని ఒట్టి రాగం తీశాడు. హార్మోనియం అతను అర్థం చేసుకుని అందుకున్నాడు. ఆయన చేయి ఊపుతూ, తల ఆడిస్తూ, మాటల్లేకుండానే వేదిక చుట్టూ మూడుసార్లు తిరిగాడు. చూసేవాళ్ళు అది అంతే అనుకున్నారు. నాకు మాత్రం ఏ మాట ఎక్కడ రావాలో తెలుసు. నా పెదాలు కదులుతున్నాయి, ఫోను నా సంచిలో ఉంది.

నా పక్కన కూర్చున్న ముసలామె తనకు తానే ఏదో సణుక్కుంటోంది. ఏమైందని అడిగాను.

"ఏముండాది పొమ్మా, అయ్యోరి ఇంటి తట్ట రాని ఆట ఇది" అంది. ఆ ఊళ్ళో నాటకం మొదలయ్యే ముందు అయ్యోరి ఇంటి ఆడవాళ్ళు పసుపు, తాంబూలం, కాలి గజ్జెలు పెట్టిన తట్ట తేవాలట. ఆ తట్టలోంచి తీసుకునే వేషగాళ్ళు గజ్జెలు కట్టుకుంటారు. "ఈ తూరి ఆ కోడలి తట్ట వద్దనేసినారు. మామ రాసిన పాటల్ని చెత్తలో పారేసింది గదా, ఇంగ ఆమె చేత్తో గజ్జెలు ఎట్ల తీసుకొనేది?"

తల కొట్టేసినట్టయింది నాకు.

నాటకం ముగిసి మంగళహారతి పాడుతుండగా ఆమెను వెతుక్కుంటూ పోయాను. వెనకవైపు నీళ్ళ డ్రమ్ము దగ్గర కూర్చుని కాఫీ గ్లాసులు కడుగుతోంది. నన్ను గుర్తుపట్టి నవ్వింది, చేతులు తుడుచుకుని లేచింది.

"వచ్చినావా అక్కా. ఆట చూసినావా?"

"తట్ట నువ్వు తేలేదంట" అన్నాను.

"తేలేదక్కా. తప్పు నాది. పెద్దాయన వచ్చి, చీటీలు యాడమ్మా అని అడిగినాడు. నాకు నిజంగా గుర్తు లేదు. తమిళంలో ఉండే కాగితాలు అంటే పిల్లోళ్ళ రాతలని నేనే పొయ్యిలో వేసినానేమో. నువ్వే చెప్పినావంట గదా, నీ కాడికి వచ్చినప్పుడే లేవని. అప్పుడింక నేనే గదా." గొంతు తగ్గించింది. "ఆయన కాళ్ళు పట్టుకొన్నాను. మామ కాళ్ళు గూడా ఎప్పుడూ అట్ల పట్టుకోలేదు."

ఫోను తీసి, ఫోటో పెద్దది చేసి ఆమె చేతిలో పెట్టాను. ఆమె తమిళ అక్షరాలు ఒక్కొక్కటీ కూడబలుక్కుని, చిన్నపిల్లలా పైకి చదివింది. రెండో పంక్తికి వచ్చేసరికి అది ఏమిటో ఆమెకు తెలిసిపోయింది. తర్వాత పుస్తకం కింద ఉన్న చాపను చూసింది. అది తన ఇంటి చాప.

"నేను పారెయ్యలేదా అక్కా?" అంది.

"లేదమ్మా. నేనే."

ఆమె నన్ను తిట్టలేదు. నాతో రా అని కూడా అనలేదు. ఫోను పట్టుకుని వేదిక వెనక్కి నడిచింది, నేను వెనకాలే పోయాను. ఆయన స్టూలు మీద కూర్చుని, కిరీటం పక్కన పెట్టి, కొబ్బరి నూనెతో మొహం మీది రంగు తుడుచుకుంటున్నాడు. ఒక చెంప తేలింది, ఇంకో చెంప ఇంకా గులాబీ రంగులోనే ఉంది. ఆమె ఫోను ఆయన ముందు పట్టుకుంది. కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు. పెదాలు కదిలాయి, తర్వాత గొంతు కలిసింది. ఎనిమిది పంక్తులూ కూర్చున్నచోటే పాడాడు. గజ్జెల కాలితో తాళం వేసుకున్నాడు.

నేను అంతా చెప్పాను. ఆవిరి, పళ్ళెం, చెత్తబండి, కొట్లో ఆయన ముందు ఆడిన అబద్ధం, ఏదీ దాచలేదు.

"ఈ పటం ఎప్పుడు తీసినావమ్మా?" అన్నాడు.

"పుస్తకం కొన్న దినమే."

"నేను వచ్చిననాడు నీ కాడ ఉన్నిందా?"

"ఉన్నిందప్పా. అప్పుడు గుర్తు లేదు. మర్నాడు చూసినాను."

"ఇందాక నేను ఆడ నోరు మూసుకొని రాగం తీస్తా ఉంటే, అప్పుడు గూడా నీ సంచిలోనే ఉన్నిందా?"

"ఉన్నింది."

తల ఊపాడు. తర్వాత నా వైపు చూడలేదు. అయ్యోరి కోడలి వైపు తిరిగి, "నువ్వు నా కాళ్ళు పట్టుకొన్నప్పుడు లెయ్యమ్మా అని గూడా నేను అనలేదే" అన్నాడు. ఆ చీరలోనే, ఆ సగం రంగు మొహంతోనే లేచి నిలబడి ఆమెకు రెండు చేతులూ జోడించాడు. ఆమె ఆ చేతులు పట్టుకుని కిందికి లాగింది. ఇద్దరూ ఏడుస్తున్నారు. ఫోను ఇంకా ఆమె చేతిలోనే, వాళ్ళిద్దరి చేతుల మధ్యే ఉంది. అది నాదని అడగడానికి నాకు నోరు రాలేదు.